గ్లవ్స్ సంగతి తర్వాత, ముందు ఆ కంచం సంగతి చూద్దాం

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. రెండు నెలల క్రితం రిమోట్ కోసం తమ్ముడితో గొడవపడి, "ఒక్కసారి చెప్తే అర్థం కాదా" అని అరుస్తూ గట్టిగా తోసేసింది. వాడికి 9 ఏళ్ళు. దివాన్ కాట్ అంచు తగిలి కనుబొమ మీద 4 కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి వాణ్ణి దాని పక్కన పడుకోబెట్టడం మానేశాను. అదేమో ఎండకి స్కూటీ మీద నేను వేసుకునే పొడుగు గ్లవ్స్ తొడుక్కుని ఇల్లంతా తిరుగుతోంది. అన్నం కూడా స్పూన్‌తోనే తింటుంది. ఎవరినీ ముట్టుకోదు. అడిగితే "నేను రోగ్ లాంటిదాన్ని, నన్ను ముట్టుకుంటే మీకే దెబ్బ" అంటుంది. ఫోన్‌లో ఎక్స్-మెన్ బొమ్మల సీరియల్ చూసి చూసి ఇలా తయారైంది. మా అత్తగారు తాయెత్తు కట్టిద్దాం అంటున్నారు. మా వారు టెన్త్ అవగానే హాస్టల్లో పడేద్దాం అంటున్నారు. ఆయనకీ కోపం ఎక్కువే, కంచం విసిరేస్తారు గానీ పది నిమిషాల్లో మామూలైపోతారు, మనసు వెన్న. ఆడపిల్లకి ఇంత కోపం ఉంటే రేపు ఎలా? ఫోన్ లాగేసుకుని ఆ బొమ్మలు మాన్పించనా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఫోన్ లాక్కోవద్దు, బొమ్మలు మాన్పించొద్దు. తాయెత్తు నానమ్మ తృప్తి కోసం కట్టుకుంటానని పిల్ల తనంతట తాను ఒప్పుకుంటే కట్టండి, లేకపోతే లేదు. హాస్టల్ మాట మాత్రం ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడున్నర పేజీలు అమ్మాయి కోపం గురించే. మీ వారి కోపం గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు, ఆ వాక్యంలో కూడా సగం ఆయన్ని వెనకేసుకొచ్చారు. "కంచం విసిరేస్తారు గానీ" అన్నారు చూడండి, ఆ "గానీ" దగ్గర నేను ఆగిపోయాను. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను.

విసిరిన కంచం ఎవరు తీస్తారమ్మా? గోడ మీద పడ్డ పప్పు తడిగుడ్డతో ఎవరు తుడుస్తారు? ఆ పది నిమిషాలూ పిల్లలిద్దరూ ఎక్కడ కూర్చుంటారు, ఏం చూస్తుంటారు? ఆయన మామూలైపోయాక "ఏంటి, అందరూ అలా ఉన్నారు, టీవీ పెట్టండి" అంటే అందరూ మామూలైపోవాలి కదా, అప్పుడు మీ అమ్మాయి ముఖం ఎప్పుడైనా చూశారా?

నేను అడుగుతున్నది ఊరికే కాదు. మా పుట్టింట్లో ఒక ఇత్తడి చెంబు ఉండేది, పొట్ట దగ్గర రెండు సొట్టలతో. చుట్టాలు ఎవరైనా చూసి అడిగితే మా అమ్మ "బావి గట్టు మీంచి పడింది" అని చెప్పేది. ఆ అబద్ధం నాకు ఆరేళ్ళకే నోటికొచ్చేసింది. మా నాన్న మంచివాడే, చదివించాడు, పెళ్ళి చేశాడు, చివరి రోజుల్లో ఆయనకి నేనే అన్నం కలిపి పెట్టాను. అయినా ఇవాళ్టికీ ఎవరైనా గిన్నె కాస్త గట్టిగా కింద పెడితే నా భుజాలు బిగుసుకుపోతాయి. అందుకే మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది గ్లవ్స్ కాదు, కంచం.

ఇప్పుడు ఆ రోగ్ ఎవరో చెప్తాను, ఎందుకంటే మీరు తెలుసుకోకుండానే తిడుతున్నారు. నేను మా మనవడి పక్కన కూర్చుని చూశాను, వాడు ఆపి ఆపి వెనకటి కథంతా చెప్పాడు. ఆమె 1981లో మార్వెల్ కామిక్స్‌లో మొదట కనిపించింది, అమెరికాలో మిసిసిపీ ప్రాంతపు పిల్ల. ఆమె చర్మం ఎవరికి తగిలినా వాళ్ళ బలం, వాళ్ళ జ్ఞాపకాలు, ఆఖరికి వాళ్ళ స్వభావం కూడా ఆమెలోకి వచ్చేస్తాయి, తగిలినవాళ్ళు స్పృహ తప్పి పడిపోతారు. ఆ సంగతి ఆమెకి ఎలా తెలిసిందంటే, చిన్న వయసులో ఇష్టపడ్డ కుర్రాణ్ణి మొదటిసారి ముద్దు పెట్టుకుంటే వాడు కోమాలోకి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచీ ఆమె ఒళ్ళంతా కప్పుకుని, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని బతుకుతుంది. ఎవరి మీదో పగతో కాదు, తనవల్ల ఇంకొకరు పడిపోకూడదని.

ఆ కథల్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో తెలుసా అమ్మా? ఉరుములూ మెరుపులూ రప్పించే ఆవిడ ఉంది, మనసుతోనే వస్తువులు కదిపే ఆవిడ ఉంది, గోడల్లోంచి నడిచిపోయే పిల్ల ఉంది. వాళ్ళందరినీ వదిలేసి మీ అమ్మాయి ఈవిణ్ణి పట్టుకుంది. బొమ్మలు చూసి చెడిపోయిన పిల్ల ఎగిరే హీరోయిన్‌ని ఎంచుకునేది. ఈ పిల్ల తన బాధకి పేరు వెతుక్కుంది, ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు కాబట్టి అక్కడ దొరికింది.

ఆ కథలోనే ఇంకోటి ఉంది, మీకు చెప్పాల్సింది అదే. రోగ్ ఒకసారి కరోల్ డాన్వర్స్ అనే ఆవిణ్ణి మరీ ఎక్కువసేపు పట్టుకుంది. మామూలుగా తీసుకున్న బలం కాసేపటికి పోతుంది. ఈసారి పోలేదు. ఆవిడ శక్తులతో పాటు ఆవిడ జ్ఞాపకాలూ లోపలే ఉండిపోయాయి. తనలో వచ్చే ఆలోచన తనదో, ఆవిడదో తెలియక ఆ పిల్లకి పిచ్చెక్కినంత పనైంది. చివరికి 1983లో వచ్చిన కథలో, అప్పటిదాకా శత్రువులనుకున్న ఎక్స్-మెన్ గుమ్మం దగ్గరికే వెళ్ళి సాయం చేయమని అడిగింది. లోపలున్న వాళ్ళు వద్దంటే వద్దన్నారు, వాళ్ళ ప్రొఫెసర్ మాత్రం సాయం కోరి వచ్చిన పిల్లని వెనక్కి పంపనన్నాడు.

ఇప్పుడు మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదవండి. తమ్ముణ్ణి తోసేటప్పుడు మీ అమ్మాయి ఏమని అరిచింది? "ఒక్కసారి చెప్తే అర్థం కాదా." ఈ మాట 14 ఏళ్ళ పిల్లదా? ఇంట్లో ఈ మాట ఎవరిది? నేను మీ ఇంటికి రాలేదు, మీ వారిని చూడలేదు, అయినా ఆ మాట ఎవరి గొంతులోంచి వచ్చిందో మీకు తెలుసు, మీ అమ్మాయికి ఇంకా బాగా తెలుసు. తన నోట్లోంచి ఆ గొంతు వినపడగానే, కింద తమ్ముడి రక్తం కనపడగానే, "నాన్న నాలోకి వచ్చేశాడు" అని భయపడిందా పిల్ల. అందుకే చేతులు కప్పుకుంది. నాకు అర్థమైంది ఇదీ. తప్పైతే దిద్దండి, కానీ ముందు ఆ పిల్లని అడిగి దిద్దండి.

మీ మీద కూడా ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. కొడుకుని దాని పక్కన పడుకోబెట్టడం మానేశానని రాశారు. ఏ రోజు నుంచి? కుట్లు పడ్డ రాత్రి నుంచే కదా. అంటే గ్లవ్స్ ఆ పిల్ల తర్వాత తొడుక్కుంది, ముందు తొడిగింది మీరు. దెబ్బ తగిలిన పిల్లాడి తల్లిగా మీ భయం నాకు అర్థమవుతుంది, కొట్టిన చేయి కూడా మీ కడుపున పుట్టిందే కాబట్టి ఇంకా కష్టం. కానీ మీ వారు కంచం విసిరిన రాత్రి కొడుకుని ఆయన పక్కన పడుకోనివ్వకుండా ఎప్పుడైనా ఆపారా? ఆయన కోపానికి "అలసిపోయి వస్తారు పాపం", అమ్మాయి కోపానికి తాయెత్తూ హాస్టలూనా? ఒకే ఇంట్లో ఒకే కోపానికి రెండు పేర్లు పెడితే పిల్లలకి తెలియదనుకోకండి. మీ అబ్బాయి కూడా చూస్తున్నాడు, పదేళ్ళు పోయాక వాడే కంచం ఎత్తుతాడు, అప్పుడు వాడి పెళ్ళాం నాకు ఉత్తరం రాస్తుంది.

"ఆడపిల్లకి ఇంత కోపం ఉంటే రేపు ఎలా" అన్నారు. ఆడపిల్లకి కోపం ఉండాలి. అన్యాయం జరిగినప్పుడు నోరు తెరవడానికి అదే కదా ఆధారం. కాకపోతే అది ఎవరి తలా పగలగొట్టకూడదు, ఆ నేర్పు కావాలి, అది నేర్పాల్సింది పెద్దవాళ్ళు. ఆ నేర్పు మీ ఇంట్లో ఎవరి దగ్గర చూసి నేర్చుకోవాలి ఆ పిల్ల?

మీ వారికి అదుపు లేదని నేననుకోను. ఆఫీసులో పై అధికారి తిట్టినప్పుడు ఫైలు ఆయన మొహాన విసిరారా? బస్సులో ఎవరో కాలు తొక్కితే లంచ్ బాక్స్ ఎత్తి కొట్టారా? లేదు. అంటే పళ్ళు బిగపట్టి ఊరుకోవడం ఆయనకి తెలుసు, ఇంటికొచ్చాక అక్కర్లేదనుకుంటున్నారు, ఇంట్లో వాళ్ళు తుడిచేస్తారు కాబట్టి. ఈ మాట ఆయనతో మీరే అనాలి. కోపంలో ఉన్నప్పుడు కాదు, ఆదివారం టిఫిన్ అయ్యాక, మీ అత్తగారు గుడికెళ్ళిన వేళ చూసుకుని, ఏడవకుండా, పాత గొడవలు తవ్వకుండా. "అమ్మాయి మీ మాటే అరిచి వాణ్ణి తోసింది, ఇకనుంచి మీరు కంచం విసిరితే నేను తీయను, పిల్లల్ని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతాను" అని చెప్పండి. చెప్పాక నిజంగా తీయకండి. అన్నం ఆరిపోయి నేలకి అంటుకున్నా సరే, తెల్లారేదాకా అలాగే ఉండనివ్వండి. భార్యగా మీ ధర్మం ఆయనకి వేళకి వండి పెట్టడం అనుకుంటే పెట్టండి, గోడలు తుడవడం దాంట్లోకి రాదు.

ఆయన మనసు నిజంగా వెన్నే అయితే ఇంకొక్క పని చేస్తారు. అమ్మాయి పక్కన కూర్చుని, "ఈ కోపం నా దగ్గర్నుంచే నీకొచ్చింది, తప్పు ముందు నాది, ఇద్దరం కలిసి తగ్గించుకుందాం" అంటారు. తండ్రి నోట ఈ మాట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా నాన్న అనకుండానే వెళ్ళిపోయాడు. మీ వారికి ఇంకా టైముంది.

ఇంకోటి అడగాలి. కంచం దగ్గరే ఆగిందా, మీ మీద కూడా చెయ్యి చేసుకుంటారా? నాలుగు పేజీల్లో మీ గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు, అందుకే అడుగుతున్నాను. అలా ఉంటే మాత్రం పైన రాసినట్టు మీరొక్కరే ఎదురుగా కూర్చుని మాట్లాడొద్దు. మీ అన్నయ్యనో, ఆయన మాట వినే పెద్దనో పక్కన పెట్టుకోండి. 181 మహిళల హెల్ప్‌లైన్, ఏ వేళైనా చేయొచ్చు.

అమ్మాయి విషయంలో చేయాల్సింది తక్కువే. తమ్ముడికి తగిలింది తనవల్లే అని ఒప్పుకుని వాడికి సారీ చెప్పే అవకాశం ఇవ్వండి, ఇప్పటిదాకా అందరూ తిట్టారేగానీ ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. "నీ తప్పేం లేదు" అని బుజ్జగించొద్దు, అది నమ్మదు, చేసింది తనకి తెలుసు. కోపం వచ్చే ముందు ఒంట్లో ఏమవుతుందో అడగండి, చెవులు వేడెక్కుతాయా, పిడికిలి బిగుస్తుందా, గుండె దడదడలాడుతుందా. ఆ గుర్తు కనపడగానే మాట మధ్యలోనైనా సరే లేచి డాబా మీదకి వెళ్ళిపోవచ్చని, వెళ్తే "మర్యాద లేదా" అని ఎవరూ అనరని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, నానమ్మతో సహా. ఈ వయసులో కోపం పుట్టించే భాగం ముందు పరిగెడుతుంది, దాన్ని ఆపే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకో నాలుగైదేళ్ళు పడుతుంది. అందుకని ఒకటి రెండుసార్లు తప్పుతుంది, తప్పినప్పుడు హాస్టల్ గుర్తు చేయకండి.

తిండి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, బడికి పోనన్నా, తనకి తాను ఏమైనా చేసుకుంటానన్నా మాత్రం ఆగొద్దు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, పిల్లకి జ్వరమని అత్తగారితో చెప్పి తీసుకెళ్ళినా నేనేమీ అనను. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 14416, టెలి మానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రోగ్ కథ ఏమైందో కూడా చెప్పి ముగిస్తాను, మీరు అమ్మాయితో మాట్లాడటానికి పనికొస్తుంది. మొదలుపెట్టిన 28 ఏళ్ళకి, 2009లో వచ్చిన కథల్లో ఆ ప్రొఫెసరే ఆమె మనసులోకి తొంగి చూశాడు. ఆమె శక్తి మొదటి రోజున ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయిందని, భయపడ్డ ప్రతిసారీ లోపల ఒక గోడ లేచిందని తెలిసింది. ఆ గోడలు తీసేశాక ఆమె తన చేత్తో మనిషిని ముట్టుకోగలిగింది. ఇది మీ అమ్మాయికి తెలుసో లేదో, తెలియకపోతే మీరే చెప్పండి, "నువ్వు చూసే ఆవిడ గురించి నేనూ తెలుసుకున్నాను" అని. గ్లవ్స్ తీయమని మాత్రం అనకండి. ఈ ఆదివారం కొబ్బరినూనె కాస్త గోరువెచ్చగా చేసి, కింద చాప వేసి, "రా, తలకి నూనె పెడతాను" అని పిలవండి. గ్లవ్స్ తోనే వచ్చి కూర్చున్నా సరే, మీ చేతులు మాత్రం వట్టివిగా ఉండాలి, పాయ తీస్తూ మెల్లగా పెట్టండి. కొడుకుని కూడా ఆ చాప మీదే కూర్చోనివ్వండి. ఆమెకి ఎంత దగ్గరగా కూర్చోవాలో వాడే చూసుకుంటాడు.