తమ్ముడి పేరున డిపాజిట్ వేసే ముందు గార్డియన్‌షిప్ తీసుకోండి

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. నాన్నకు 71, అమ్మకు 66 ఏళ్లు. నాన్న పొగాకు కంపెనీలో రిటైరయ్యారు, పీఎఫ్ పెన్షన్ నెలకు రెండు వేల లోపే. తమ్ముడికి 34. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఉంది, ఎన్టీఆర్ భరోసా పెన్షన్ కింద నెలకు 6,000 వస్తోంది. స్థలం అమ్మితే 18 లక్షలు వచ్చాయి. మొత్తం తమ్ముడి పేరున డిపాజిట్ చేద్దామంటున్నారు నాన్న. ఆయనకు హెల్త్ పాలసీ తీసుకోమని ఏజెంటు వెంటపడుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీ నాన్నగారి బెంగ నాకు అర్థమైందమ్మా. అయినా ఆ డబ్బంతా తమ్ముడి పేరున వేయకండి. బిడ్డకు 18 దాటాక కన్నవాళ్లయినా చట్టప్రకారం తమంతట తామే గార్డియన్లు (సంరక్షకులు) కారు. రేపు డిపాజిట్ తీయబోతే కౌంటర్లో అడిగేది తమ్ముడి సంతకమే. మీరు పక్కన నిలబడి వేలిముద్ర వేయించబోయినా, 'ఈ అబ్బాయికి తెలిసే వేస్తున్నాడా?' అని మేనేజరు కాగితం పక్కన పెట్టేస్తారు. ఆయన్ని తప్పుపట్టలేం. అందుకే ముందు నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద గార్డియన్‌షిప్‌కు అమ్మానాన్నలతో దరఖాస్తు పెట్టించండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ ఇస్తుంది. ఆ నేషనల్ ట్రస్టువాళ్లదే 'నిరామయ' ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష వరకు. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. తమ్ముడికి తప్పకుండా చేయించండి.

నాన్నగారికి పాలసీ ఇప్పుడు వద్దు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షలు, పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆధార్ ఉంటే చాలు. ఇది ఆసుపత్రిలో చేరితేనే, రోజువారీ బీపీ, షుగర్ మాత్రలకు కాదు. అమ్మగారికి 70 రాలేదు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో పేరుందో లేదో చూడండి. లేకపోతే నాన్నగారి పాలసీకి కట్టాలనుకున్న ప్రీమియం డబ్బు ఆవిడ పాలసీకి పెట్టండి.

18 లక్షల్లో 15 లక్షలు అమ్మగారి పేరున పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేయండి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 30,750 చేతికొస్తుంది. మిగతా మూడు లక్షలు మందులకు, అత్యవసరాలకు బ్యాంకులో ఉంచండి.

చాలామందికి తెలియక పోగొట్టుకునేది ఇంకొకటుంది. పీఎఫ్ పెన్షనరు పోతే, శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకు వయసు పరిమితి లేకుండా పెన్షన్ వస్తుంది. అది చిన్న మొత్తమే, కానీ జీవితాంతం వస్తుంది. నాన్నగారి పెన్షన్ ఆర్డరు పట్టుకుని పీఎఫ్ ఆఫీసుకెళ్లి, కుటుంబ వివరాల్లో తమ్ముడి పేరుందేమో అడగండి. లేకపోతే సదరం సర్టిఫికెట్ జతచేసి, నాన్నగారి సంతకంతోనే అర్జీ ఇప్పించండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.