నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 74 కిలోలే. బరువు పెద్దగా లేదు, పొట్ట మాత్రం ఉంది. 34 ఏళ్లకే గుండెపోటు భయం పెట్టుకోవాలా?

భయం అక్కర్లేదు గానీ పొట్టను తేలిగ్గా తీసుకోకండి. మీరు చెప్పిన 5 అడుగుల 8 అంగుళాలు, 74 కిలోల లెక్కకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే కొలత) దాదాపు 25. పాశ్చాత్యుల కొలతలో అది అధిక బరువు అంచున ఉన్నట్టు. మనవాళ్లకు 23 దాటితే చాలు అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి కొవ్వంతా పొట్టలో చేరడం మనలో ఎక్కువ.

చర్మం కింద చేతికి దొరికే కొవ్వు కంటే పేగుల చుట్టూ పేరుకున్నదే ప్రమాదం. అందులోంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి వెళ్తాయి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. బీపీ కూడా తోడవుతుంది. రక్తనాళంలో పేరుకున్న పూడిక చిన్నదే అయినా, ఒకరోజు చిట్లి దానిమీద రక్తం గడ్డకడితే అదే గుండెపోటు. సిగరెట్ అలవాటుంటే మరీ ప్రమాదం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు తొలి గుండెపోటు మిగతావాళ్లకంటే సుమారు అయిదారేళ్లు ముందే వచ్చినట్టు తేలింది.

ప్యాంటు సైజు ఇంకా 34 అని మురిసిపోకండి, బెల్టు పొట్ట కిందికి జారి ఉంటుంది! చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక టేపుతో కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే బీపీ, షుగర్, లిపిడ్ (రక్తంలో కొవ్వు) పరీక్షలు చేయించుకోవాలి. గురక ఎక్కువైతే అదీ డాక్టరుకు చెప్పండి.

ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే మాత్రం గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.