స్పీకర్లకు ఎంత లావు వైరు వాడాలి? బాక్సు లోపల కూడా అదే వెయ్యాలా?

లావు కన్నా ముందు పొడవు కొలవండి. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ దాకా 10 మీటర్లు ఉంటే కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్క 20 మీటర్లకి. 1 స్క్వేర్ ఎంఎం (వైరు లావుని ఇలా అడ్డకోత వైశాల్యంలో చెబుతారు) రాగి వైరు అయితే దాని నిరోధం దాదాపు 0.35 ఓమ్, 8 ఓమ్‌ల స్పీకర్‌కి పర్వాలేదు, కానీ 4 ఓమ్‌ల దానికి ఎక్కువే. వైరు నిరోధం స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. విజయనగరంలో మా హాల్లో గోడ చుట్టూ తిప్పితే 9 మీటర్లు పట్టింది, 4 ఓమ్‌ల బాక్సులు, అందుకే ఇంటి వైరింగ్‌కి అమ్మే 2.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ వైరే తెచ్చి వేశాను. మూడు నాలుగు మీటర్లే అయితే 1 సరిపోతుంది.

బాక్సు లోపల అరమీటరు కూడా ఉండదు, 0.75 చాలు. క్రాసోవర్ (సన్నని, బొంగురు శబ్దాలను వేర్వేరు స్పీకర్లకు విడదీసి పంపే సర్క్యూట్) కాయిల్‌కే అంతకన్నా చాలా ఎక్కువ నిరోధం ఉంటుంది, ఇంక లావు వైరు పెట్టి ఏం లాభం? పైగా ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ట్యాగ్‌కి, అంటే వైరు అతికించే చిన్న రేకుకి, లావు వైరు సోల్డరింగ్ చేసేటప్పుడు ఆ ట్యాగే ఊడొస్తుంది. నాకు ఒకటి అలాగే పోయింది.

కొనేటప్పుడు ఒక పోగు బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, వద్దు. శ్రీకాకుళం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు వైరు చివర్లకు టిన్ను పట్టించండి, అంటే సోల్డర్ పూత వెయ్యండి, ఉప్పుగాలికి రాగి పచ్చబడిపోతుంది.