వాడిన మొక్కకు నీళ్లు పోసే ముందు

చి॥ బుజ్జికి,
పెద్దనాన్న దీవెనలు.

నీ టమాటా మొక్క ఫోటో చూశాను. ఆకులు వేలాడిపోయాయి, కుండీలో మట్టి మాత్రం బురదబురదగా ఉంది. "రెండు పూటలా పోస్తున్నా వాడిపోతోంది పెద్దనాన్నా" అని రాశావు. అందుకే వాడిపోతోందమ్మా. ముందు ఆ చెంబు పక్కన పెట్టు.

వేరు దొరికిన నీళ్లన్నీ పీల్చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ లోపలికి ఏది రావాలో, ఎంత రావాలో దానికో లెక్క ఉంది. గుప్పెడు ఆవాలు తడిగుడ్డలో కట్టి రెండు మూడు రోజులయ్యాక విప్పి చూడు. వేరు మీద తెల్లటి నూగు కనిపిస్తుంది. అవే మూలకేశాలు, వేరు నీళ్లు పీల్చేది ఎక్కువగా వీటితోనే. వేలు తగిలితే చాలు, అణిగిపోతాయి. మొక్కను పీకి వేరేచోట నాటినప్పుడు తెగిపోయేవి ఇవే. అందుకే ఎప్పుడు మార్చినా మట్టిగడ్డతో సహా మార్చు.

అసలు కాపలా ఇంకా లోపల ఉంది. వేరు నడుమ ఉండే నాళాల చుట్టూ అంతశ్చర్మం అని ఒకే వరుస కణాలుంటాయి. వాటి మధ్య సందుల్ని కాస్పేరియన్ పట్టీ అనే నీరు చొరని పూత మూసేస్తుంది. అప్పటిదాకా కణాల గోడల వెంట జారుకుంటూ వచ్చిన నీరైనా సరే, ఇక్కడ కణం పొర దాటాల్సిందే. ఆ పొరలో నీటికి ఆక్వాపోరిన్లనే సన్నటి దారులున్నాయి. జీవకణాల్లో ఈ దారుల్ని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రే అనే శాస్త్రవేత్తకు 2003లో నోబెల్ ఇచ్చారు. నైట్రేటు, పొటాషియం లాంటి పోషకాలకు వేరే ద్వారాలు. మట్టిలో పలచగా ఉన్న నైట్రేటును లోపలికి లాగడానికి వేరు శక్తి ఖర్చుపెట్టాలి, ఆ శక్తి రావాలంటే దానికి ఊపిరాడాలి.

నీ కుండీలో ఆగిపోయింది ఆ ఊపిరే. నీళ్లు నిలిచి మట్టిలో గాలి లేకుండా పోయింది. అలాంటప్పుడు వేరు కణాల్లో ఆమ్లత పెరిగి ఆక్వాపోరిన్లు మూసుకుంటాయి. చుట్టూ నీళ్లున్నా పైకి అందవు. ఇది తెలియక నేనూ చాలా మొక్కలు పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో చూడు. ఒక వేరు బయటికి తీసి నొక్కి చూడు. తెల్లగా, గట్టిగా ఉంటే భయం లేదు. గోధుమరంగుకు తిరిగి మెత్తగా చిదిగిపోతే కుళ్లినట్టే, అంతవరకు కత్తిరించి కొత్త మట్టిలో పెట్టు. ఇకమీదట వేలు రెండు కణుపుల లోతు దింపి, పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యి.

టెన్షన్ పడి యూరియా మాత్రం వేయకు. ఎరువు వల్ల మట్టి నీటిలో లవణాలు ఎక్కువైతే వేరులో ఉన్న నీరు కూడా బయటికి పోతుంది, ఆకుల అంచులు మాడిపోతాయి.

కోలుకున్నాక, ముందురోజు నీళ్లు పోసి తెల్లవారుజామున చూస్తుండు. ఏదో ఒక రోజు ఆకు అంచుల్లో వరుసగా నీటి బొట్లు నిలబడి ఉంటాయి. చూడటానికి మంచులా ఉన్నా, అవి రాత్రంతా వేరు కిందినుంచి నెట్టిన నీళ్లు. ఆ ఫోటో నాకు పంపు తల్లీ.

మీ పెద్దనాన్న