హార్డ్ డిస్క్ పోయాక విండోస్‌ను మళ్లీ ఎక్కించడం ఎలా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ నెల రోజులుగా మొరాయిస్తూ వచ్చి, చివరికి బూట్ డివైస్ దొరకలేదన్న సందేశం చూపించి ఆగిపోయింది. అంతకు రెండు రోజుల ముందు నుంచీ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. కొత్త ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేకుండా చిప్పులతో పనిచేసే డిస్కు) తెచ్చుకున్నాను. ఇంతవరకూ విండోస్ 10 వాడాను. మళ్లీ దాన్నే ఎక్కించాలా? లైసెన్స్ మళ్లీ కొనాలా? పాత డిస్కులో పిల్లల ఫొటోలు ఉన్నాయి. చెక్‌డిస్క్ నడిపితే అది బాగుపడుతుందని ఒక మిత్రుడు అంటున్నారు. నడపవచ్చా?

జవాబు: నడపవద్దు. మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్పడానికి కారణం ఉంది: విండోస్ ఇవాళ కాకపోతే రేపు ఎక్కించుకోవచ్చు, ఆ ఫొటోలకు మాత్రం వ్యవధి లేదు. చెక్‌డిస్క్ అనేది డిస్కు ఆరోగ్యంగా ఉందన్న నమ్మకంతో ఫైళ్ల పట్టికలోని తప్పులు దిద్దే సాధనం. చెడిపోతున్న డిస్కు మీద దాన్ని నడిపితే, చదవలేకపోయిన వివరాలను తప్పులుగా లెక్కకట్టి కొట్టివేయడమే కాకుండా, అసలే నీరసించిన యంత్రం చేత గంటల తరబడి గానుగ తిప్పిస్తుంది.

మీరు విన్న టిక్కు టిక్కు చప్పుడు సాధారణంగా డేటాను చదివే రీడ్ హెడ్ తన చోటు దొరకక మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లడం వల్ల వస్తుంది. ఆ స్థితిలో డిస్కుకు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ హెడ్ డేటా ఉండే పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఫొటోలు మీకు ముఖ్యమైతే దాన్ని ఇక ఆన్ చేయకుండా, దుమ్ము లేని గదిలో డిస్కు విప్పగలిగిన డేటా రికవరీ ప్రయోగశాలకు అప్పగించడమే మేలు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది; బయటికి తీయగానే లోపల పట్టే చెమ్మ సంగతి ఆ చిట్కా చెప్పేవారు చెప్పరు.

చప్పుడు లేకుండా, కేవలం నెమ్మదించిన డిస్కు అయితే దారి వేరు. పెన్‌డ్రైవ్ మీది నుంచే నడిచే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో కంప్యూటర్‌ను తెరిచి, డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ వివరాలు చూడాలి. అందులో 5వ అంశం చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లను (డిస్కులోని చిన్న గడులను), 197వది చదవడానికి వీలుకాక వేచి ఉన్న సెక్టార్లను లెక్కపెడతాయి. ఆ రెండూ సున్నా ఉండి డేటా రాకపోకల్లో దొర్లే తప్పులను లెక్కపెట్టే 199వది మాత్రం పెరుగుతూ ఉంటే, తప్పు చాలావరకు డిస్కుది కాదు, దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. డిస్కుదే తప్పని తేలితే, డీడీరెస్క్యూ అనే ఉపకరణంతో మొత్తం డిస్కును పరిమాణంలో అంతకంటే తక్కువ కాని మరో డిస్కు మీదికి దించాలి. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు తీసుకొని, మొండికేసిన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదటికి రాదు. ఫైళ్ల వెతుకులాట అంతా ఆ నకలు మీదే చేయాలి.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, మీ కంప్యూటర్ తగితే విండోస్ 11 ఎక్కించండి. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రపరిచే ఏర్పాటు), ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ కావాలి. టీపీఎం లేదని చెబితే వెంటనే నిరాశపడకండి. చాలా మదర్‌బోర్డులలో అది బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులలో) ఇంటెల్ పీటీటీ లేదా ఏఎండీ ఎఫ్‌టీపీఎం పేరుతో ఆపివేసి ఉంటుంది. లైసెన్స్ మళ్లీ కొననక్కరలేదు: విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్కుతో కాదు. సెటప్‌లో ప్రొడక్ట్ కీ లేదన్న ఎంపిక నొక్కి, ఇదివరకు ఉన్నది హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో ఎంచుకుంటే, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) అని ఉన్నదాన్నే ఎంచుకోండి. అంతకంటే ముందు, కొత్త ఎస్‌ఎస్‌డీ తప్ప మిగిలిన డిస్కులన్నిటి కేబుళ్లూ తీసేయండి. నేను ఒకసారి బద్ధకించి తీయలేదు. విండోస్ కొత్త డిస్కు మీదికే వెళ్లింది కాని, దాన్ని లేపే బూట్ ఫైళ్లు పక్కనున్న పాత డిస్కు మీద కూర్చున్నాయి. కొన్ని నెలల తరువాత ఆ పాతది తీసేసిన రోజున కంప్యూటర్ లేవలేదు, కారణం తట్టడానికి ఒక పూట పట్టింది. ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద విభాగాలు మీరు చేయనక్కరలేదు. ఖాళీ చోటును ఎంచుకొని ముందుకు వెళితే సెటప్పే చూసుకుంటుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ చెడితే కొత్తది వేశాను. బయోస్‌లో కనిపిస్తోంది కాని, విండోస్ సెటప్‌లో డిస్కు ఏదీ లేదంటోంది. పాతది యూఎస్‌బీ పెట్టెలో పెడితే అప్పుడప్పుడు తెరుచుకుంటోంది కాని రికవరీ కీ అడుగుతోంది.

జవాబు: మీది ఇంటెల్ 11వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ అయితే, ఎస్‌ఎస్‌డీని ఇంటెల్ డ్రైవర్ ఉంటేనే సెటప్‌కు కనిపించనిచ్చే వీఎండీ అనే ఏర్పాటు వల్ల ఇలా జరుగుతూ ఉండవచ్చు. ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను విప్పి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి. పనిలో పనిగా వైఫై డ్రైవర్‌ను కూడా అందులోనే వేసుకుంటే తరువాత తడుముకోనక్కరలేదు.

పాత ఎస్‌ఎస్‌డీ అడుగుతున్నది డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ కీ, 48 అంకెలది. మీరు ఎన్నడూ పెట్టకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదలుపెట్టినప్పుడు విండోసే ఆ తాళం వేసుకొని, కీని ఆ ఖాతాలో దాచి ఉండవచ్చు. ఖాతాలో ఒకటి కంటే ఎక్కువ కీలు కనిపిస్తే, తెర మీద చూపుతున్న కీ ఐడీతో పోల్చి సరైనదాన్ని తీసుకోండి. ఖాతాలోనూ, ముద్రించి పెట్టిన కాగితాల్లోనూ అది దొరకకపోతే ప్రయోగశాలకు పంపినా ప్రయోజనం ఉండదు. వారు చిప్పులలోని డేటాను బయటికి తీసినా, తాళం వేసి ఉన్న ఆ డేటాను చదవలేరు.