రెండు ‘తిరుపతి’ ఫోల్డర్ల గురించి

అమ్మలూ,

తాతయ్య సంవత్సరీకం లోపు ఇంట్లోవాళ్ల ఫోటోలన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. అయితే మీ అమ్మ లాప్‌టాప్‌లో ‘తిరుపతి’ అనే ఫోల్డర్ ఉంది, బాబాయి దగ్గరా అదే పేరుతో ఇంకొకటి ఉంది. నీకు ఆఫీసువాళ్లు ఇచ్చింది మ్యాక్ అట, అంటే ఆపిల్ కంప్యూటర్. అందుకే ఈ ఉత్తరం.

మల్లేశ్వరంలో స్టూడియో నడిపిన రోజుల్లో ఒక పెళ్లికి ఇద్దరం కెమెరాలు పట్టాం. ఇద్దరి కార్డుల్లోంచీ తీసినవి ‘ముహూర్తం’ అనే పేరుతోనే ఉన్నాయి. మొదటిది డిస్క్‌లో పెట్టి, రెండోదాన్ని లాగి దాని పక్కన వదిలాను. ఇదే పేరుతో ఒకటుంది, రీప్లేస్ చేయాలా అని మ్యాక్ అడిగింది. అప్పటిదాకా విండోస్‌లో పనిచేసిన చెయ్యి కదా, రెండూ కలిసిపోతాయనుకుని నొక్కేశాను. ఫోల్డర్ తెరిస్తే జీలకర్ర బెల్లం ఫోటోలు ఒక్కటీ లేవు. ట్రాష్‌లోనూ లేవు. అప్పటికే ఆ కార్డు ఫార్మాట్ చేసి మరో ఫంక్షన్‌కి పంపేశాం. ఆ అమ్మాయి తండ్రికి ఆ మాట చెప్పిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

విండోస్ ఒకే పేరున్న ఫోల్డర్లను కలిపేస్తుంది. విండోస్ 7 దాకా ముందు అడిగేది. విండోస్ 8 నుంచి ఫోల్డర్ల విషయంలో అడగకుండానే కలుపుతుంది, లోపల ఒకే పేరున్న ఫైళ్లు తగిలితేనే ఆగుతుంది. మ్యాక్‌లో రీప్లేస్ అంటే పాత ఫోల్డర్ మొత్తం పోయి, కొత్తది ఆ చోట కూర్చుంటుంది. ఆప్షన్ కీ పట్టుకుని లాగితే రెండూ కలిపే మెర్జ్ బటన్ వస్తుంది కానీ, ప్రతిసారీ రాదు. దాన్ని నమ్ముకోకు. అనుమానం వస్తే కీప్ బోత్, అంటే రెండూ ఉంచమనే బటన్, నొక్కు.

కలిపేస్తుంది కదా అని విండోస్‌లోనూ ధీమాగా ఉండకు. రెండు కెమెరాలు వేర్వేరు ఫోటోలకు ఒకే నంబరు వేస్తాయి. ఐఎంజీ 2041 మీ అమ్మ దగ్గర గోపురం అయితే, బాబాయి దగ్గర తాతయ్య గుండుతో నవ్వుతున్న ఫోటో కావచ్చు. అక్కడ రీప్లేస్ అంటే ఒకటి పోయినట్టే, రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. స్కిప్ అంటే రెండోది అసలు రాదు. ఒక్కొక్కటీ చూసి నిర్ణయిస్తాననే మూడో దారి పట్టు. బొమ్మ, తేదీ, సైజు పక్కపక్కన చూపిస్తుంది. రెండింటికీ టిక్ పెడితే రెండోదాని పేరు చివర నంబరు చేర్చి రెండూ ఉంచుతుంది.

అసలు అంతదాకా రానివ్వకు. కాపీ చేసే ముందే పేర్లు మార్చు: ‘తిరుపతి అమ్మ’, ‘తిరుపతి బాబాయి’. పెద్దక్షరం చిన్నక్షరం తేడా పెడితే చాలనుకోకు, విండోస్‌కి రెండూ ఒకటే పేరు. కట్ చేయకు, కాపీయే చెయ్. అయ్యాక అసలు ఫోల్డర్‌లోనూ డిస్క్‌లోనూ ఎన్ని ఫైళ్లున్నాయో ప్రాపర్టీస్‌లో చూసి కాగితం మీద రాసుకో. మ్యాక్‌లో అయితే గెట్ ఇన్ఫోలో కనిపిస్తుంది. లెక్క ఒకటి తగ్గినా ఆగిపో.

ఆదివారం డిస్క్ పట్టుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఎవరి ఫోన్‌లోంచీ ఏదీ డిలీట్ చేయకు. ముఖ్యంగా బాబాయి దగ్గరున్నవి.

మీ పెదనాన్న