ఎండాకాలం ఆదివారాలకు బయలుదేరే ముందు

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అమ్మాయికి,

మీ మేనత్త ఆశీర్వదించి రాయునది. ఈ వేసవి సెలవుల్లో ప్రతి ఆదివారం పిల్లలనూ మీ అత్తగారినీ తీసుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలనుకుంటున్నావని, మాల్స్ జోలికి పోకుండా చెట్టూ చెరువూ చూపిస్తానన్నావని, అందుకు నెల జీతంలోంచి కొంత విడిగా తీసిపెట్టావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. విని పొంగిపోయాను. మొదటి ఆదివారం గోల్కొండకట అని ఆ వెంటనే అన్నాడు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

గోల్కొండ వద్దు. మే నెలలో అసలే వద్దు. డిసెంబరులో వెళ్లండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు అక్కడ టికెట్ లేదు, కాబట్టి అప్పుడైనా నీ ఖర్చేమీ పెరగదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియదు. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. నీకప్పుడు మూడేళ్లు. ఊరి నుంచి మీ నాయనమ్మ వచ్చింది. అమ్మకు కోట చూపించాలని మీ నాన్నకు ఎంతో కోరిక. ఉద్యోగం కొత్త, చేతిలో డబ్బు తక్కువ. టిఫిన్లు చేసుకుని, బస్సు మారి, కోట లోపలికి అడుగుపెట్టేసరికి పదిన్నర దాటింది. కింద చప్పట్లు కొడితే కొండ మీద కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని చెబితే మీ నాయనమ్మ చిన్నపిల్లలా కొట్టి చూసింది. అందరికీ కలిపి ఒకటే నీళ్ల క్యాను, ఒకటే గ్లాసు. గ్లాసు తన దగ్గరికి వచ్చినప్పుడల్లా పెదవులు తడుపుకుని పిల్లలకు ఇచ్చేసేది. మాలో ఒక్కరికీ ఆ సంగతి కంటపడలేదు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుంది, కొత్తచోట అది ఎక్కడుందని కొడుకును అడగడానికి మొహమాటం. ఇల్లు కదిలింది మొదలు ఆవిడ గుక్కెడు నీళ్లైనా సరిగా తాగలేదని మాకు తర్వాతే తెలిసింది.

అక్కడ మూడు వందలకు పైగా మెట్లు. సగం ఎక్కాక "నేనిక్కడ కూర్చుంటానురా, మీరు వెళ్లి రండి" అంది. "ఇంత దూరం వచ్చి పైదాకా రాకపోతే ఎలా అమ్మా, ఇంకొన్నే కదా" అన్నాడు మీ నాన్న. తప్పు అక్కడ జరిగింది. కొడుకు సరదా చెడగొట్టలేక ఆవిడ లేచింది. పేపర్లో రాసే 42 డిగ్రీలు నీడలో కొలిచినవి. ఆ రాళ్ల మధ్య నిలబడ్డ మనిషికి పైనుంచి ఒక ఎండ, కాళ్ల కింద నుంచి ఒక ఎండ, పక్క గోడ నుంచి మరొకటి. దిగేటప్పుడు పొంతన లేకుండా మాట్లాడింది. నన్ను తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, చెమట చుక్క లేదు. మెట్ల చివర కూలబడిపోయింది.

మీ నాన్న కంగారుగా నోట్లో నీళ్లు పోయబోతే, నిమ్మసోడా అమ్మే ఆవిడ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని కేకలేసింది. తన డబ్బాలోని ఐసు నీళ్లన్నీ చీర మీద కుమ్మరించింది. మెడకూ చంకలకూ ఐసు చుట్టిన గుడ్డలు పెట్టి మమ్మల్ని విసరమంది. ఆ చల్లబరచడమే ప్రాణం నిలబెట్టిందని తర్వాత ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. ఆవిడ రుణం ఈ జన్మకు తీరదు. మీ నాయనమ్మ కోలుకుంది కానీ, ఆ తర్వాత ఏ షికారుకు పిలిచినా రానంది. మీ నాన్న ఎండాకాలం మిమ్మల్ని గడప దాటనివ్వలేదు. "మా నాన్నకు సరదాలు తెలియవు" అని నువ్వు నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేదానివి. సరదా తెలియక కాదమ్మా, భయం. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవు మళ్లీ నువ్వే అందరినీ బయటికి తీసుకెళ్తానంటే నాకెంత ఆనందంగా ఉందో ఎలా చెప్పను?

కాబట్టి విను. మనిషికొక సీసా, లీటరు పట్టేది, పేరు రాసి ఇవ్వు. ఎవరు ఎంత తాగారో సీసా చూస్తే తెలిసిపోవాలి. ఎక్కడికి వెళ్లినా దిగగానే మొదట మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కుని, అడగకముందే మీ అత్తగారిని తీసుకెళ్లు. ఆవిడ రక్తపోటుకు వాడే మాత్రల్లో ఒంట్లో నీటిని తగ్గించేవి కొన్ని ఉంటాయి. వేసవి ముదరకముందే డాక్టరును ఒక్కమాట అడుగు. ఎవరైనా కూర్చుంటానంటే అక్కడితో ఆ రోజు షికారు అయిపోయినట్టే. బతిమాలవద్దు, డబ్బు పెట్టామని లెక్కలు చూడవద్దు. మాట తడబడినా, ఒళ్లు కాలుతున్నా ముందు నీడ, తడిగుడ్డ, గాలి, వెంటనే 108.

ఇక వేళలు. మేలో హైదరాబాదులో సూర్యుడు ఆరు కాకముందే లేస్తాడు. ఆరింటికల్లా మీరు వీధిలో ఉండాలి, పదింటికల్లా ఇంట్లో ఉండాలి. కుదరకపోతే సాయంత్రం అయిదు తర్వాతే. నువ్వూ అత్తగారూ పాపా ఆధార్ కార్డులు పెట్టుకోండి. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, మగవాళ్లిద్దరికే ఖర్చు. మధ్యాహ్నం దాకా తిరిగితే ఆ మిగిలిందంతా ఆటోకూ శీతల పానీయాలకూ పోతుంది.

మొదటి ఆదివారం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. టికెట్ లేదు, పెద్ద చెట్లున్నాయి, అసెంబ్లీ మెట్రో స్టేషను పక్కనే. బాలభవన్ కూడా అక్కడే ఉంది, వేసవి తరగతుల సంగతి కనుక్కో. జూకు వెళ్తే గేటు తెరిచే వేళకే వెళ్లండి. అది 380 ఎకరాలు, ఒక వైపు చూసి వచ్చేయండి, రెండో వైపు ఇంకోసారికి ఉంటుంది. పిల్లలు వారం మధ్యలో మారాం చేస్తే సోమవారం మాత్రం మూసి ఉంటుందని గుర్తుపెట్టుకో. సాయంత్రాలకు హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, నెక్లెస్ రోడ్డు బాగుంటాయి. ఆకాశం నల్లబడి గాలి లేస్తే పడవ ఎక్కవద్దు, చెట్ల కింద నిలబడవద్దు. ఈ గాలివానలకు కొమ్మలు విరిగిపడతాయి. బిర్లా మందిరానికి పొద్దుగూకాక వెళ్లండి, పాలరాయి చల్లబడి ఉంటుంది, పాపం పిల్లలవి లేత పాదాలు. మధ్యాహ్నం తప్పదనుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియమే. పన్నెండింటికి అక్కడి పాత గడియారంలోని బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంటే మీ వాడు నోరు తెరుచుకుని చూస్తాడు. అది శుక్రవారం మూస్తారు.

తిండికి పులిహోర చేసుకో, ఎండకు నిలుస్తుంది. పెరుగన్నం అయితే తెల్లారి తిని బయలుదేరండి, మూటకట్టవద్దు. కీరా దోసకాయలు కోయకుండా పెట్టుకో. మజ్జిగలో ఉప్పు వేయడం మరిచిపోకు.

నీళ్ల సంగతి కోడలు చెబితే మీ అత్తగారు మొహమాటపడతారు. సాటి వయసుదాన్ని, నేను చెబితే వింటారు. శనివారం సాయంత్రం నేనే ఆవిడతో మాట్లాడతాను. ఆదివారం ఇల్లు చేరగానే ఫోను చెయ్యి. ఎవరి సీసా ఎంత ఖాళీ అయిందో కూడా చెప్పు. ముందు మీ అత్తగారిది.

ఆశీస్సులతో,
మీ మేనత్త